కుందేలు మూల మరచినప్పుడు

మన యింటి మూగజీవాలు

ఈ శీర్షికకు వచ్చే జాబుల్లో కుక్కలకూ పిల్లులకూ పెద్దపీట. ఈ నెల మాత్రం కుందేళ్లను గురించి రెండు జాబులు వచ్చినవి. రెంటిలోనూ ఫిర్యాదు ఒకటే, కారణాలు మాత్రం వేరు. అందుచేత రెండింటికీ కలిపి ఇక్కడే జవాబు వ్రాస్తున్నాను.

హోసూరు సోదరి మాట మొదట చెప్పుకుందాం. వారిది రెండు గదుల యిల్లు. అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతున్నది. కుందేటికి ఏడో నెల. చిన్నప్పుడు బుద్ధిగా ఒక మూలనే కూర్చునేదట. ఇప్పుడు చాప మీద, పరుపు మీద, చివరకు దేవుడి గది గడప దగ్గర కూడా మూత్రం చిమ్ముతున్నది. "అది మురికి జంతువు, దానికి నేర్పడం బ్రహ్మతరం కాదు. నెలాఖరులోగా ఎవరికైనా ఇచ్చెయ్యండి, లేకుంటే ఊరి బయట తోపులో వదిలెయ్యండి" అని అత్తగారి తీర్పు. పిల్ల అన్నం సరిగా తినడం లేదట.

అమ్మా, మీ అత్తగారి విసుగులో అన్యాయమేమీ లేదు. రెండు గదుల యింట్లో ఆ వాసన భరించడం కష్టమే. కాని కుందేలు మురికి జంతువనడం మాత్రం తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్లున్నది. ఇంట పెంచే కుందేళ్లకు మూలపురుషులు ఐరోపా ఖండపు కుందేళ్లు. అవి గుంపుగా బొరియలు త్రవ్వుకొని, ఏర్పరచుకొన్న కొన్ని చోట్లనే పెంటికలు వేస్తాయి. ఆ గుట్టలే వాటి సరిహద్దు రాళ్లు. ఒక చోటు ఎన్నుకొని అక్కడికే పోవడం దాని నైజం. మనం చేయవలసినదల్లా ఆ చోటు మనకు కూడా నచ్చేటట్లు చూసుకోవడమే.

తోపులో వదలడం సంగతి. మన మెట్టపొలాల్లో పరుగెత్తే చెవులపిల్లి వేరే జాతి. అది బొరియ త్రవ్వదు, పొదల మాటున పడుకుంటుంది, పుట్టినప్పటినుంచీ పరుగే దానికి రక్ష. దానిని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద నేరం కూడాను. పంజరంలో పుట్టి చేతిలో పెరిగిన తెల్ల కుందేటికి ఆ విద్యలేవీ రావు. కుక్క, పిల్లి, ముంగిస, వీటిలో ఏదో ఒకటి రెండు రోజుల్లో దాని పని పడుతుంది. "వదిలెయ్యడం" అన్న మాట వినడానికి మెత్తనిదేగాని దాని అర్థం అది. ఈ సంగతి అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. అర్థం చేసుకుంటారు.

ఇక రోగమూలం. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కుందేటికి యౌవనం వస్తుంది. అప్పుడు మగది గాని ఆడది గాని "ఇది నా యిల్లు" అని చాటుకోవడానికి మూత్రం చిమ్ముతుంది, పెంటికలు చల్లుతుంది. అంతవరకూ నేర్చినదంతా మరచినట్లు కనిపిస్తుంది. అది మొండితనం కాదు, వయస్సు. దీనికి నమ్మదగిన మందు ఆపరేషన్. మగదానికైతే ఆపరేషన్ అయిన వెంటనే గుణం కనిపించదు. ఒంట్లోని హార్మోనులు అణగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో దానిని ఆడదానితో కలపరాదు, పిల్లలు పుట్టే అవకాశం ఇంకా ఉంటుంది. ఆడదానికి మరొక ప్రయోజనం కూడా ఉన్నది. ఆపరేషన్ లేని ఆడ కుందేళ్లకు మూడు నాలుగేండ్లు దాటిన తర్వాత గర్భసంచిలో కేన్సరు రావడం చాలా ఎక్కువ. ఆ భయం దీనితో తప్పుతుంది.

అయితే కుక్కలకు చేసే డాక్టరంతా కుందేటికి చేయలేడు. "మీరు కుందేళ్లకు ఎన్నింటికి చేశారు?" అని మొగమాటం లేకుండా అడగండి. ముందురోజు రాత్రినుంచి పస్తు ఉంచమంటే మరొక డాక్టరును కూడా విచారించండి. కుందేటికి వాంతి కాదు గనుక కుక్కకు పెట్టే పస్తు దానికి అక్కరలేదు, పైగా పేగు కదలిక ఆగితే ప్రమాదం.

ఆపరేషనుకు ముందూ తర్వాతా కూడా ట్రే ఏర్పాటు సరిగా ఉండాలి. అంగళ్లలో అమ్మే మూల ట్రేలు చాలా చిన్నవి. కుందేలు లోపల కూర్చుని చుట్టూ తిరగగలిగినంత వెడల్పు ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి. అడుగున వార్తాపత్రికలు నాలుగు మడతలు పరచండి. దాని మీద ఎండుగడ్డి దండిగా వేయండి. కుందేలు తింటూనే విసర్జించే జంతువు, గనుక గడ్డి ఉన్న చోటే కూర్చుంటుంది. ఈ ఒక్క మార్పుతోనే సగం చిక్కులు తీరుతాయి. పిల్లుల కోసం అమ్మే, తడి తగిలితే గట్టిపడే మట్టి గుళికలు వద్దు. నోట్లో వేసుకుంటే పేగు మూసుకుపోతుంది. దేవదారు వంటి ఘాటు వాసన గల కొయ్య పొట్టు కూడా వద్దు. దుమ్ము రేగే రంపపు పొట్టు ఊపిరితిత్తులకు చెరుపు. అడుగున ఇనుపజాలి ఉన్నదైతే పాదాలు పుండ్లు పడతాయి.

ట్రే ఎక్కడ పెట్టాలన్నది మీరు నిర్ణయించవద్దు. కుందేలు ఇప్పటికే ఒక మూల నిర్ణయించుకొని ఉంటుంది. ఆ మూలనే పెట్టండి. మొదట గదిలో కొంతభాగం మాత్రమే దానికి వదలండి. తడిసిన కాగితం ముక్క, నాలుగు పెంటికలు ఏరి ట్రేలో వేయండి. వారం పది రోజులు గురి తప్పకపోతే మరి కొంత చోటు, ఆ తర్వాత మరి కొంత. పరుపు మీదికి ఎక్కే దారి అంతవరకూ మూసివేయండి. తప్పు చేసినప్పుడు కొట్టడం, ముక్కు రాయడం వల్ల అది నేర్చుకునేది ఒకటే, మిమ్మల్ని చూస్తే పారిపోవడం.

తడిసిన నేలను ఫినాయిలుతో కడగవద్దు. దాని ఘాటు కుందేటికి హాని. వెనిగరులో అంతే నీళ్లు కలిపి తుడిస్తే వాసనా పోతుంది, ట్రేకు పట్టిన తెల్లని సున్నపు పొరా వదులుతుంది. ట్రే శుభ్రం చేసేటప్పుడు పాత గడ్డి పిడికెడు మిగల్చండి. వాసన పూర్తిగా పోతే తన చోటని గుర్తుపట్టదు. ట్రే చుట్టూ ఎండు పెంటికలు పది పదిహేను పడితే అది తప్పుక్రింద జమకట్టవద్దు. రోజుకు రెండు మూడు వందలు వేసే జంతువు గదా!

రెండవ జాబు బరంపురం నుంచి. ఇది మరింత తొందర గలది. వారి మగ కుందేటికి ఆరేండ్లు. ఇన్నేండ్లూ ఒక్కనాడు తప్పు చేయలేదు. రెండు వారాలుగా మంచం క్రింద తడిపేస్తున్నది, వెనుక కాళ్ల దగ్గర బొచ్చు ఎప్పుడూ చెమ్మగానే ఉంటున్నది. "ముసలి చాదస్తం" అని పెదనాన్నగారు నవ్వి ఊరుకున్నారట.

అయ్యా, నవ్వవలసిన విషయం కాదిది. ఏండ్ల తరబడి చక్కగా ఉన్న కుందేలు హఠాత్తుగా అలవాటు తప్పిందంటే మొదట రోగాన్నే అనుమానించాలి. మూత్రాశయంలో రాయి గాని, సున్నపు మడ్డి గాని, చీము గాని ఉండవచ్చు. కీళ్ల నొప్పి వల్ల ట్రే అంచు ఎక్కలేకపోవచ్చు. మూత్రపిండాలు చెడి ఉండవచ్చు. ఇది ఇంట్లో తేలేది కాదు. మూత్రం పరీక్ష, ఎక్స్‌రే తీయించండి. కీళ్ల నొప్పే అయితే ట్రేకు ఒక ప్రక్క అంచు కోసి గడపలా తగ్గించండి. చెమ్మగా ఉన్న బొచ్చును రోజూ తుడిచి ఆరబెట్టండి, లేకుంటే ఈగలు గ్రుడ్లు పెట్టి పురుగు పడుతుంది.

మూత్రం రంగు చూసి బెదరవద్దు. తిన్న ఆకులనుబట్టి పసుపు, నారింజ, ఎర్రని రంగులు రావడం మామూలే. కాని నెత్తురు చారలుగా కనిపించినా, మూత్రం సున్నపు పేస్టులా చిక్కగా వచ్చినా, ముక్కుతూ కూర్చున్నా ఆలస్యం చేయరాదు. కుందేలు తిన్న సున్నంలో ఎక్కువైనదంతా మూత్రంలోనే పోతుంది. అందుచేత పెద్ద కుందేటికి లూసర్న్ గడ్డి, అవిసాకు, మునగాకు రోజువారీ మేతగా పెట్టడం మంచిది కాదు. గరిక మేలు. తమిళులు అరుగంపుల్ అన్నా, కన్నడిగులు గరికె అన్నా, మహారాష్ట్రులు దూర్వా అన్నా అదే వినాయకుడి గరిక. మందు చల్లని చోట కోసి, కడిగి, కొంత పచ్చిగానూ కొంత ఎండబెట్టీ పెట్టండి. మేతలో అధికభాగం ఎండుగడ్డే కావాలి. నీళ్లు సీసాలో కంటె మట్టి మూకుడులో పెడితే ఎక్కువ త్రాగుతుంది. కిలో బరువుకు రోజుకు సుమారు 100 మిల్లీలీటర్లు కావాలి, వేసవిలో ఇంకా ఎక్కువ.

ఇంట్లో మిగిలిన మందులతో వైద్యం చేయవద్దు. పిల్లలకిచ్చే అమాక్సిసిలిన్ కుందేటికి నోట పోస్తే పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కుక్కల పిడుదులకు వాడే ఫిప్రోనిల్ మందు కూడా దానికి విషమే.

చెన్నై వేపేరిలో 1903లో స్థాపించిన పశువైద్య కళాశాల ఉన్నది. ముంబై పరేలులోనిది 1886 నాటిది. బెంగుళూరువారికి హెబ్బాళ కళాశాల ఉన్నది. దగ్గరలో తెలిసిన డాక్టరు లేకపోతే ఇటువంటి కళాశాలల ఆసుపత్రుల్లో విచారించడం సబబు.

రెండు కుటుంబాలకూ, మిగిలిన పాఠకులకూ ఒక్క మాట. రోజూ ప్రొద్దున ట్రే తీసేవారు దానిని చూసి మరీ తీయండి. పెంటికలు గుండ్రంగా, పొడిగా, ఒకే సైజులో ఉంటే క్షేమం. చిన్నవైనా, తగ్గినా జాగ్రత్త పడండి. ద్రాక్షగుత్తిలా మెత్తనివి కుందేలు తానే తినివేస్తుంది. అవి మిగిలిపోతున్నవంటే మేత బలమెక్కువైనా కావాలి, పంటినొప్పి, నడుమునొప్పి వంటివైనా ఉండాలి. పన్నెండు గంటలు మేతా ముట్టక పెంటికా వేయకపోతే తెల్లవారేదాకా ఆగవద్దు, రాత్రయినా సరే డాక్టరు తలుపు తట్టండి.

మీ ఊళ్లో కుందేళ్లను శ్రద్ధగా చూసే పశువైద్యులుంటే వారి అనుమతితో వివరాలు సంఘానికి ఒక కార్డు మీద వ్రాసి పంపండి. ఊరివారీగా పట్టిక వేసి ఈ పేజీలోనే ప్రచురిస్తాం. భాష రాని ఊళ్లో ఏ తలుపు తట్టాలో తెలియని కుటుంబాలకు అది అక్కరకు వస్తుంది.