కారవాన్ కొనేముందు ఒక్కసారి ఫిలింనగర్ రండి

క్యాంపింగుకి కారవాన్ కొందామనుకునే మిత్రులారా, హీరోల బళ్ళు చూసి మోసపోకండి. ఫిలింనగర్ సందుల్లో రోజూ చూస్తున్నా కదా, అవి జనరేటరుకి తగిలించిన ఏసీ గదులు, అంతే. ఖర్చులు తగ్గాలని 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులే ఆపేశారు, ఆ డీజిల్ మోత మాత్రం తగ్గలేదు. (లైట్‌బాయ్‌లకి చెట్టు నీడే ఏసీ లెండి.)

లెక్క చూద్దాం. ఏసీ గంటకి ఒక యూనిట్ లాగిందనుకుంటే రాత్రి 8 గంటలకి 8 యూనిట్లు. టాపు మీద 2 కిలోవాట్ల సోలార్ పెడితే మంచి ఎండలో దాదాపు అంతే వస్తుంది, దాచడానికి 10 యూనిట్ల లిథియం బ్యాటరీ చాలు. అడవికెళ్ళి కూడా జనరేటర్ మోతే వినాలంటే ఫిలింనగర్ రోడ్డు పక్కనే పడుకోండి, టోల్ డబ్బులు మిగుల్తాయి!

అన్నట్టు, ట్రైలర్ అయితే అనంతగిరిలో విప్పేసి, బండేసుకుని వికారాబాద్ వెళ్ళి పాలు తెచ్చుకోవచ్చు. బస్సంత కారవాన్‌తో వెళ్తారా?