నోరులేని ప్రాణికి డబ్బా పొడి చాలదు

పిల్లి తుమ్ముతుంటే "జుకామే కదా, అదే తగ్గిపోతుంది" అని ఊరుకునేవారు మనలో చాలామంది. మరికొందరు దుకాణానికి వెళ్లి, రోగనిరోధక శక్తిని పెంచుతుందని రాసి ఉన్న పొడి డబ్బా కొని తెస్తారు. రెండూ పొరపాట్లే. ఆ రెండో పొరపాటు మేమే చేశాం. కొన్నేళ్ల క్రితం మా ఇంట్లో టీకా వేయించని పిల్లికూన జబ్బు పడితే, రెండు వారాలు తిండిలో పొడి కలిపి పెట్టి నిశ్చింతగా ఉన్నాం. డాక్టరుకు చూపించేసరికి దాని ఒక కన్ను పోయింది.

పిల్లులకు వచ్చే ఈ జలుబుకు ఎక్కువగా కారణమయ్యేవి రెండు వైరస్‌లు. హెర్పిస్ వైరస్ నల్లగుడ్డు మీది పొరను పుండు చేస్తుంది. కాలిసీ వైరస్ నాలుక మీద, నోట్లో పుండ్లు పుట్టిస్తుంది. హెర్పిస్ ఒకసారి ఒంట్లో చేరితే జీవితాంతం దాగి ఉంటుంది. బెదురు, ఇల్లు మారడం, మరో జబ్బు వంటి కష్టం కలిగినప్పుడు మళ్లీ బయటపడుతుంది.

దీనికి ఎన్నో ఏళ్లుగా ప్రచారంలో ఉన్న మందు లైసిన్ పొడి. ఒంట్లో లైసిన్ ఎక్కువైతే ఆర్జినిన్ అనే పోషకం తగ్గుతుందని, అది లేక వైరస్ పెరగదని ఒక ఊహ. అయితే 2015లో ఇద్దరు పరిశోధకులు అంతవరకు జరిగిన అధ్యయనాలను పరిశీలించి, లైసిన్ పిల్లులలో ఈ జబ్బును ఆపదు, తగ్గించదు, దాన్ని మానేయాలని తేల్చారు. కొన్ని ప్రయోగాలలో లైసిన్ తిన్న పిల్లులకే జబ్బు ముదిరింది. పైగా ఆర్జినిన్ పిల్లికి ప్రాణాధారం. అది బొత్తిగా లేని తిండి ఒక్క పూట తిన్నా రక్తంలో అమ్మోనియా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. "నీమ్ హకీమ్ ఖత్రా-ఎ-జాన్" అని పెద్దలు ఊరికే అనలేదు. ఫలానా పోషకం లోపించిందని వైద్యుడే చూసి రాసిస్తే అది వేరే మాట.

మరి ఏం చేయాలి? కూనకు 6 నుంచి 8 వారాల వయసులో టీకా మొదలుపెట్టి, 16 వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకొకసారి వేయించాలి. టీకా జబ్బును పూర్తిగా ఆపకపోయినా దాని తీవ్రతను తగ్గిస్తుంది. పిల్లి మాంసాహారి. దానికి కావలసిన టారిన్ మాంసం, చేపల నుంచి అందాలి. వట్టి పాలన్నంతో బలం రాదు. ముక్కు మూసుకుపోతే వాసన తెలియక తిండి మానేస్తుంది కనుక గోరువెచ్చగా చేసి పెట్టాలి. కళ్లు, ముక్కు తడిగుడ్డతో తుడవాలి. ఒక రోజంతా ముద్ద ముట్టకపోయినా, కన్ను తెరవలేకపోయినా వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ల పిల్లికి విషం. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర కూడా పెట్టకూడదు.

పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, దాన్ని వెతుక్కు తిననివ్వక చంపిన స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు మనకందరికీ తెలుసు. ఉర్దూలో పశుపక్ష్యాదులను బేజుబాన్ అంటాం. మన ఇంట్లో ఉంచుకున్న పిల్లి తన తిండి తాను వెతుక్కోలేదు, తన బాధ తాను చెప్పుకోలేదు. కనుక పొడి డబ్బాకు తీసిన డబ్బుతో ముందు టీకా వేయించండి. మేము ఆలస్యంగా తెలుసుకున్నది మీరు వేళకే తెలుసుకోవాలని మా కోరిక.