ముల్లు కదలకపోతే ముద్ద తగ్గించాలా?

బరువు తగ్గాలని తిండి తగ్గించుకున్న స్త్రీకి మొదటి రెండు మూడు నెలలు మెప్పు దొరుకుతుంది. ఆ తర్వాత ఒకరోజు తూకం ముల్లు ఆగిపోతుంది. ఆమె తినేది పెరగలేదు, నడక మానలేదు, అయినా వారాల తరబడి అదే అంకె. అప్పుడు డైట్ చార్ట్ రాసిచ్చినవాళ్లు, జిమ్ కోచ్, భర్త, అత్తగారు అందరూ ఒకటే మాట అంటారు: "ఎక్కడో నోరు కట్టుకోవడం లేదు, ఇంకాస్త తగ్గించు." రెండు పుల్కాలు ఒకటవుతాయి. రాత్రి భోజనం గ్లాసుడు మజ్జిగ అవుతుంది. ఈ మాట ఆరోగ్య సలహా రూపంలో వస్తుంది గానీ, స్త్రీ శరీరం మీద అధికారం ఎవరిదో చెప్పే మాట ఇది. ఆగిపోయిన ముల్లును ఆమె క్రమశిక్షణా లోపానికి రుజువుగా చూపడం అన్యాయం. తగినంత తినకుండా నెలలు గడిపిన శరీరం చేసే ఆత్మరక్షణ అందులో ఉంది. ఆ దశలో ఆమెకు మరో కోత విధించడం కాక, కడుపునిండా తినమని చెప్పాలన్నది నా వాదన.

ఆవేశంతో అంటున్న మాట కాదిది. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని మనస్సాక్షి కారణంగా నిరాకరించిన 36 మంది యువకులు అందులో పాల్గొన్నారు. యుద్ధంలో ఆకలికి చిక్కిన జనాన్ని తిరిగి ఎలా నిలబెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. 24 వారాలపాటు వాళ్లకు రోజుకు సుమారు 1,600 కేలరీల తిండి పెట్టి, వారానికి 22 మైళ్లు నడిపించారు. వాళ్ల బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. విశ్రాంతిలో ఉన్నప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తి సుమారు 40 శాతం పడిపోయింది. గుండె నెమ్మదించింది. ఎప్పుడూ చలిగా ఉండేది, కాళ్లకు నీరు చేరింది, కోపమూ దిగులూ పెరిగాయి, తిండి తప్ప మరో ఆలోచన లేకుండా పోయింది. శక్తి ఖర్చు తగ్గడానికి కొంత కారణం శరీరమే చిన్నదవడం. మిగతాది శరీరం తనంతట తాను మొదలుపెట్టిన పొదుపు. కీస్ బృందం ఈ వివరాలన్నీ 1950లో రెండు సంపుటాలుగా ప్రచురించింది. అంటే 'ఇంకాస్త తగ్గించు' అనేవాళ్లకు తెలుసుకునే అవకాశం ఏడు దశాబ్దాలకు పైగా ఉంది.

ఆ తర్వాతి పరిశోధనలూ ఇదే దారిలో నడిచాయి. బరువు 10 శాతం తగ్గినప్పుడు శరీరం శక్తి వాడకాన్ని తన కొత్త పరిమాణానికి తగినదానికన్నా కూడా ఎక్కువగా తగ్గించుకుంటుందని 1995లో లీబెల్, రోజెన్‌బామ్, హిర్ష్ చూపించారు. అమెరికాలో బరువు తగ్గే పోటీగా నడిచిన ఒక టీవీ కార్యక్రమంలోని 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించిన అధ్యయనం 2016లో వచ్చింది. పోగొట్టుకున్న బరువులో చాలా భాగం వాళ్లకు తిరిగి వచ్చింది. అయినా వాళ్ల శరీరాలు విశ్రాంతిలో ఖర్చుపెట్టే శక్తి, ఉండవలసినదానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగానే ఉంది. ప్రేక్షకులు చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. మూల్యం ఆ శరీరాలు చెల్లిస్తూ ఉన్నాయి.

ఇక మన చార్టుల్లో తరచుగా కనిపించే 1,200 కేలరీల అంకె సంగతి చూద్దాం. కేలరీలు లెక్కపెట్టి తినడాన్ని స్త్రీల దినచర్యలోకి తెచ్చిన తొలి పుస్తకాల్లో ముఖ్యమైనది, అమెరికన్ వైద్యురాలు లులు హంట్ పీటర్స్ 1918లో రాసినది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తిండి తగ్గించడాన్ని ఆమె దేశభక్తితో ముడిపెట్టారు. ఆమె సూచించిన 1,200 శతాబ్దం దాటినా చలామణిలోనే ఉంది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన అంచనా వేరు. కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు 1,660 కేలరీలు, ఒక మోస్తరు శ్రమ చేసే స్త్రీకి 2,130, కాయకష్టం చేసే స్త్రీకి 2,720 కావాలి. అంటే రోజంతా కుర్చీలో కూర్చునే స్త్రీ అవసరంతో పోల్చినా 1,200 అనేది 460 తక్కువ.

పైగా 'కూర్చుని పనిచేసే స్త్రీ' ఎవరు? "ఏం పని చేస్తారమ్మా?" అని అడుగుతారు. "ఇంట్లోనే ఉంటానండీ" అంటుంది. చార్టులో ఆమె శ్రమ లేని మనిషిగా నమోదవుతుంది. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చించారు. ఆ పని చేసే మగవాళ్ల సగటు 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటల చాకిరీ దేశాదాయంలో లెక్కకు రాదని మనం ఎన్నో ఏళ్లుగా అంటున్నాం. అది ఆమె తిండి లెక్కలోకీ రావడం లేదు.

1,200 గురించి మరొక లెక్క. వ్యాయామానికి పోయిన శక్తిని తీసేశాక, కొవ్వు కాని శరీర భాగంలో కిలోకు రోజుకు 30 కేలరీలైనా మిగలకపోతే నెలసరిని నడిపే హార్మోన్ లయ దెబ్బతింటుందని యాన్ లౌక్స్ 2003లో చూపించారు. అది మామూలు శరీరాకృతి గల యువతులపై జరిగిన ప్రయోగం, ప్రతి స్త్రీకీ అదే అంకె వర్తించకపోవచ్చు. అయినా ఒకసారి వేసి చూద్దాం. 60 కిలోల స్త్రీలో కొవ్వు కాని భాగం 40 కిలోలనుకుంటే, 30 చొప్పున సరిగ్గా 1,200. ఆమె పొద్దున గంట నడిచిందంటే ఆ గీత కిందికి దిగిపోయినట్టే. నెలసరి తప్పితే, జుట్టు రాలితే, కళ్లు తిరిగితే వాటన్నింటికీ విడివిడిగా మందులు రాస్తారు. తింటున్నావా అని మాత్రం అడగరు.

తక్కువ తిండిని శాస్త్రం పేరుతో నిలబెట్టిన చరిత్ర మన గడ్డకూ ఉంది. 1877 కరువులో బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలతో సహా మద్రాసు రాజధానిలో కరువు పనులు చేసే కూలీలకు, రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద కొద్దిపాటి డబ్బు చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. పౌను బియ్యం అంటే సుమారు 450 గ్రాములు, దాదాపు 1,600 కేలరీలు. రాజధాని ఆరోగ్య శాఖాధికారి విలియం కార్నిష్ ఇది మనుషుల్ని క్షీణింపజేసే కూలి అని ఎదిరించాడు. అదే ఏడాది కూలి పెంచక తప్పలేదు. కరువులో మాడిన కూలీ ఆకలికీ, డబ్బిచ్చి కొనుక్కునే ఆకలికీ పోలిక లేదని నాకు తెలుసు. నేను చూపుతున్నది ఒక్కటే: శరీరం క్షీణిస్తున్నా 'ఇది చాలు' అని పైనుంచి అంకె నిర్ణయించే పద్ధతి.

మరి ఎక్కువ తింటే ఆగిన బరువు మళ్లీ తగ్గుతుందా? ఇప్పుడు కొందరు దీన్నే కొత్త మంత్రంగా అమ్ముతున్నారు, కాబట్టి జాగ్రత్తగా మాట్లాడాలి. ఆస్ట్రేలియాలోని టాస్మానియా విశ్వవిద్యాలయం 2017లో వెలువరించిన ప్రయోగంలో స్థూలకాయులు 51 మంది పాల్గొన్నారు. ఒక జట్టు 16 వారాలు ఏకధాటిగా తిండి తగ్గించింది. రెండో జట్టు రెండు వారాలు తగ్గించి, రెండు వారాలు శరీరానికి కావలసినంతా తిని, అలా విడతలుగా అవే 16 వారాల కోత పూర్తిచేసింది. మొదటి జట్టు సగటున 9 కిలోలు తగ్గితే రెండోది 14 తగ్గింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ ఆ 51 మందీ మగవాళ్లే. మిన్నెసోటాలో 36 మందీ మగవాళ్లే. తిండి తగ్గించమనే ఒత్తిడి ప్రధానంగా ఆడవాళ్ల మీద, జ్ఞానం మగ శరీరాల మీద! బరువులెత్తే వ్యాయామం చేసే స్త్రీలపై ఇలాంటి విరామాలతో జరిగిన ప్రయోగం 2023లో వస్తే, కొవ్వు తగ్గడంలో ఏకధాటి పద్ధతికీ దీనికీ తేడా కనిపించలేదు.

కాబట్టి నేను ఎవరికీ మాయమాట చెప్పను. కావలసినంత తింటే కొవ్వు దానంతటదే కరగదు. మొదటి వారంలో నీరు చేరి ముల్లు కాస్త పైకీ పోవచ్చు. కానీ కండ నిలబడుతుంది, నిద్ర పడుతుంది, ఒంట్లో కదలిక తిరిగి వస్తుంది, తిండి గురించిన నిరంతర యాతన సడలుతుంది. 'బరువు తగ్గడానికి తిను' అనే మాట కూడా ముల్లుకు దండం పెట్టే మాటే. తినడానికి స్త్రీ ఎవరికీ కారణం చూపనక్కరలేదు.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, ఆడవాళ్లు తిన్నది దాచి చెబుతారనేది. 1992లో న్యూయార్క్‌లో, ఎంత తగ్గించినా బరువు తగ్గడం లేదన్న 10 మందిని పరీక్షించారు. వాళ్లలో 9 మంది స్త్రీలు. వాళ్ల శరీరాల శక్తి ఖర్చు మామూలుగానే ఉంది. తిన్నదానిలో దాదాపు సగం వాళ్లు చెప్పిన లెక్కలోకి రాలేదు. ఈ నిజాన్ని పక్కన పెట్టను. అయితే దీన్నుంచి స్త్రీలు అబద్ధాలకోరులని తేల్చేవాళ్లు మన వంటిళ్లలోకి ఒకసారి రావాలి. పొయ్యి దగ్గర ఉప్పు చూసిన ముద్ద, పారేయలేక నోట్లో వేసుకున్న పిల్లల కంచంలోని మిగులు, అందరూ తిన్నాక నిలబడి గిన్నెలోంచే తిన్న అడుగు అన్నం ఏ చార్టులో ఏ గడిలో రాయాలి? ఆమెకంటూ వడ్డించిన కంచమే లేనప్పుడు లెక్క ఎలా కుదురుతుంది? మూలిగే నక్క మీద తాటిపండులా ఆ కంచం లేని మనిషికి ఇంకో కోత విధిస్తే, పగలంతా మాడి రాత్రి ఆకలికి తట్టుకోలేక తిని, తిన్నందుకు సిగ్గుపడటమే మిగులుతుంది.

రెండో అభ్యంతరం మన సంఘాల్లోంచే వస్తుంది: ఇది తిండి ఎక్కువైన మధ్యతరగతి వాళ్ల సమస్య కదా అని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సుమారు 36 శాతం, తెలంగాణలో 30 శాతం అధిక బరువు ఉన్నవాళ్లు. అదే సర్వేలో రక్తహీనత ఉన్న స్త్రీలు రెండు రాష్ట్రాల్లోనూ 57 శాతం పైనే. ఈ రెండు అంకెలూ ఒకే శరీరంలో కలవడం అరుదేమీ కాదు. హైదరాబాదులో ఇళ్లల్లో పనిచేసే ఒకామె మోకాళ్ల నొప్పులకని ఆసుపత్రికి వెళ్లి వచ్చి నాతో అంది: "డాక్టరమ్మ సగం అన్నమే తినమన్నది. నా పళ్లెంల ఉండేదే అన్నం, పచ్చిపులుసు. అండ్ల సగం తీస్తే ఇంకేముంటది మేడం?" సలహా ఇచ్చినవాళ్లు ఆ పళ్లెంలో పప్పు, కూర, గుడ్డు ఉన్నాయని అనుకున్నారు. అవి ఇంట్లో ఉన్నా, ఆమె వంతు వచ్చేసరికి గిన్నె అడుగంటుతుంది. ఆమె విషయంలో 'ఎక్కువ తిను' అంటే పప్పు, గుడ్డు, ఆకుకూర, గుప్పెడు పల్లీలు ఆమె పళ్లెంలోకి రావాలి. ఆ పని ఆమె సంకల్పబలంతో జరగదు. కూలి రేటుతో, రేషన్ సరుకులతో, ఇంట్లో ఎవరు ముందు తింటారన్న విషయంతో జరుగుతుంది.

అందుకే మన ఆరోగ్య శిబిరాల్లో తూకం మిషన్ని ముందు వరుసలోంచి తీసేద్దాం. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూద్దాం. షుగర్ ఉన్నవాళ్ల తిండిలో మార్పులు వాళ్ల వైద్యులతో కలిసే చేయాలి. బరువు ఆగిపోయిందని దిగులుతో వచ్చిన స్త్రీని ముందుగా నాలుగు ప్రశ్నలు అడుగుదాం: నెలసరి సరిగా వస్తోందా? రాత్రి నిద్ర పడుతోందా? నిన్న మీ పళ్లెంలో ఏమేం ఉన్నాయి? మీరు ఎవరి తర్వాత తిన్నారు? చార్టు రాసేవాళ్లను కూడా, ఏ స్త్రీ శ్రమను లెక్కవేసి ఈ 1,200 రాశారని నిలదీద్దాం. జవాబు వచ్చేదాకా ఆమెను ఆకలితో కూర్చోబెట్టవలసిన పనిలేదు. ఆమెకు ముందు వడ్డిద్దాం.