తండ్రీ కొడుకుల గిటారు

పాత గిటార్లకు పాశ్చాత్య దేశాలలో ఉన్న గిరాకీ మనకు వింతగా తోచవచ్చును. ఎరిక్ క్లాప్టన్ వాయించిన ‘బ్లాకీ’ అనే గిటారు 2004లో న్యూయార్క్ వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. ధరల మాట అటుంచి, యంత్రాల మధ్య బ్రతికే మన పాఠకులకు అంతకన్నా ఆసక్తి కలిగించగల వాద్యం వేరొకటున్నది. అది అంగడిలో కొన్నది కాదు.

‘క్వీన్’ బృందంలో గిటారు వాయించిన బ్రయాన్ మే 1963లో పదహారేళ్ల విద్యార్థి. మంచి ఎలక్ట్రిక్ గిటారు కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. తండ్రి హెరాల్డ్ మే ప్రభుత్వ విమానయాన శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. ఇంట్లోని టెలివిజన్‌ను సైతం స్వయంగా తయారుచేసిన నేర్పరి. ఇద్దరూ చేతి పనిముట్లతోనే పని ప్రారంభించారు. గిటారు మెడకు ఒక పాత ఇంటి పొయ్యిగూటి చట్రంలోని మహాగని చెక్క దొరికింది. పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. మెట్ల గుర్తులకు తల్లిగారి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు పనికివచ్చాయి.

నన్ను అధికంగా ఆకర్షించినది మాత్రం శ్రుతిని కంపింపజేసే మీట. మీటను నొక్కితే తీగలు సడలి స్వరం దిగుతుంది. వదలితే తిరిగి యథాస్థానానికి రావాలి. ఆనాటి గిటార్లలో అనేకం అలా వచ్చేవి కావు. ఘర్షణ వలన తీగ తన మునుపటి బిగువును పొందలేక అపశ్రుతి పలికేది. మన పరిభాషలో హిస్టెరిసిస్ అన్నమాట. వీరు తీగలను బంధించే ఉక్కు ఫలకాన్ని, త్రాసు దండెవలె, కత్తి అంచుపై ఊగేటట్లు నిలిపారు. తీగల లాగుడుకు ప్రతిబలంగా 1928 నాటి పాంథర్ మోటారు సైకిలు వాల్వు స్ప్రింగులు రెండు అమర్చారు. తీగ ఆనే చోట చిన్న రోలర్లు పెట్టారు. మీట కొనకు తొడిగినది అమ్మగారి అల్లిక సూది ముక్క! ఏ డిజైన్ ఆఫీసైనా గర్వించదగిన పరిష్కారమిది.

పికప్పులు కూడా మొదట ఇంటిలోనే చుట్టారు. అయితే మన వైణికులు గమకానికి లాగినట్లు తీగను ప్రక్కకు లాగితే ధ్వని చెడిపోయేది. అందుచేత బర్న్స్ కంపెనీ పికప్పులు కొని, అవి కీచుమనకుండా అరల్డైట్‌తో నింపి బిగించారు.

ఇంత శ్రమించిన తండ్రియే, 1974లో కుమారుడు ఖగోళ భౌతికశాస్త్ర పరిశోధనను మధ్యలో విడిచి సంగీతాన్ని వృత్తిగా చేపట్టినపుడు సమ్మతించలేకపోయాడు. ఉద్యోగస్థులమైన మనకు ఆ తండ్రి ఆవేదన అర్థం కానిది కాదు. చదువు చెడగొట్టినది తాను చేసి ఇచ్చిన వస్తువే అయితే ఎవరికి చెప్పుకోగలడు? ఆ తరువాత న్యూయార్క్‌లో కుమారుని కచేరీ చూచిన మీదట ఆయన మనసు మారింది.

2002లో ఎలిజబెత్ రాణి స్వర్ణోత్సవంలో బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద మ్రోగినది ఈ గిటారే. 2007లో బ్రయాన్ మే ఆగిపోయిన పరిశోధనను ముగించి డాక్టరేటు పొందారు. అప్పటికి తండ్రి లేరు. గిటారును మాత్రం ఆయన, 1980లో చెలామణి నుండి తొలగిన ఆరు పెన్నీల నాణెంతోనే నేటికీ మీటుతున్నారు.