పట్టుదారం రంగు ఎక్కడికి పోయింది?

పిల్లలూ! చేపలు పట్టే గాలపుకర్రను మీరు చూసే ఉంటారు. మన ఊళ్లలో ఒక సన్నని వెదురుకర్ర ఉంటే చాలు. కాని అమెరికా, ఇంగ్లండు దేశాలలో కొందరు పనివాళ్లు దానిని ఎంతో శ్రమపడి తయారుచేస్తారు. దక్షిణ చైనాలో పెరిగే ఒక జాతి వెదురును తెప్పించి, నిలువునా చీల్చి, ఆరు బద్దలను చిత్రికపట్టి, ఒకటిగా అతికిస్తారు. గాలపుతాడు దూరి పోవటానికి కర్ర పొడుగునా చిన్న తీగ వలయాలను అమర్చి, అవి ఊడకుండా రంగు పట్టుదారంతో దగ్గరదగ్గరగా చుడతారు.

దారం చెడకుండా దానిమీద వార్నిష్ పూయాలి. అప్పుడే ఒక చిత్రం జరుగుతుంది! ఎర్రదారం నల్లబడుతుంది. పసుపుదారం వెలవెలబోతుంది. తెల్లదారమైతే దాదాపు కనిపించనే కనిపించదు. రంగు కరిగిపోయిందా? లేదు.

పట్టుదారంలో ఎన్నో సన్నని పోగులుంటాయి. వాటి సందులలో గాలి ఉంటుంది. వెలుతురు గాలిలోనుంచి పట్టులోకీ, పట్టులోనుంచి గాలిలోకీ పోయినప్పుడల్లా కొంత చెదిరి వెనక్కు వస్తుంది. దారం నిండుగా, కాంతిగా కనిపించేది అందువల్లనే. వార్నిష్ ఆ గాలిని వెళ్లగొట్టి సందులను నింపుతుంది. వెలుతురును వంచటంలో వార్నిష్‌కూ పట్టుకూ తేడా తక్కువ. అందుచేత వెలుతురు అంతగా చెదరక అడుగున ఉన్న వెదురుదాకా పోతుంది. దారంలోనుంచి వెదురే కనిపిస్తుంది!

తెల్లకాగితం మీద ఒక నీటిచుక్క, ఒక కొబ్బరినూనె చుక్క వేసి, అచ్చుకాగితం మీద పెట్టి చూడండి. రెండుచోట్లా అడుగు అక్షరాలు కనిపిస్తాయి. నీరు ఆరగానే ఆ చోటు మళ్లీ తెల్లబడుతుంది, గాలి తిరిగి చేరింది గనక. నూనె మచ్చ మాత్రం పోదు. వార్నిష్ కూడా అంతే. గట్టిపడిన తరవాత పోయిన రంగు తిరిగి రాదు. దారమంతా విప్పి, కొత్తగా చుట్టుకోవలసిందే.

దీనికొక ఉపాయమున్నది. వార్నిష్‌కు ముందుగా, నీళ్లలా పలుచగా ఉండే ఆక్రిలిక్ పూతను దారానికి రెండు మూడు సార్లు పట్టిస్తారు. అది ఆరి, పొరగా ఏర్పడి, వార్నిష్‌ను లోపలికి దిగనివ్వదు. ఎక్కడైనా పూత తప్పితే అక్కడ మచ్చ పడుతుంది. అందుకే తెలిసిన పనివాడు ముందుగా ఒక పనికిరాని బద్దమీద దారం చుట్టి, పరీక్షించుకుంటాడు.

వెదురు అందమే కనిపించాలనుకునేవారు తెల్లపట్టు చుట్టి, ఈ పూత లేకుండానే వార్నిష్ పూస్తారు!

సరే, వానలో తడిసిన చొక్కా ముదురురంగుగా ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు మీరే చెప్పండి.