అడవి అంచున ఆకాశం

ఖమ్మం మైదానాలు వెనుకబడి, పాల్వంచ విద్యుత్ కేంద్రపు వెలుగులూ సారపాక కాగితపు మిల్లు దీపాలూ కనుమరుగయ్యాక, భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు సాగితే రాత్రి నిజంగా రాత్రిగా దర్శనమిస్తుంది. ఫాల్గుణ అమావాస్య నాడు రాత్రి పది గంటల వేళ, కొండలూ చెట్లూ అడ్డురాని చోట, దక్షిణ క్షితిజానికి పన్నెండు డిగ్రీల ఎత్తున ఒక మసక చుక్క కంటికి ఆనుతుంది. దాని పేరు ఈటా కరీనా. 1843లో ఒక్క మృగవ్యాధ నక్షత్రం తప్ప ఆకాశంలో అంతకు మించి వెలిగిన తార లేదు.

అది ఒంటరి తార కాదు, జంట. రెండింటి ద్రవ్యరాశి కలిపి నూరు సూర్యులను మించుతుంది. సుమారు అయిదున్నర సంవత్సరాలకొకసారి అవి పరస్పరం సమీపిస్తాయి. వాటి నుండి వెలువడే ప్రచండ వాయువులు ఢీకొన్నచోట కణాలు మహావేగాన్ని పొంది, కంటికి కనబడే కాంతికన్న కోట్ల రెట్లు శక్తిగల గామా కిరణాలను పుట్టిస్తాయి. 2008లో ప్రయోగించిన ఫెర్మి ఉపగ్రహ దూరదర్శిని వీటిని గుర్తించింది. అదే ఆశతో మరో ఏడు భారీ జంట తారలను ఇరవై నాలుగు నెలల సమాచారంతో గాలించగా ఒక్కదానిలోనూ జాడ దొరకలేదు. 2013లో ప్రకటించిన ఆ శూన్య ఫలితాన్ని వృథా శ్రమ అనడం అవివేకం. కిరణాలు ఎంతకు మించి లేవో తెలియడం వల్లనే సిద్ధాంతాలను సరిదిద్దుకోవలసి వచ్చింది. తరువాతి కాలంలో ఆ ఏడింటిలో ఒకటైన గామా వెలోరమ్ నుండి సన్నని సంకేతం లభించింది.

గామా కిరణాలు నేలను చేరవు. వాతావరణాన్ని తాకి కణాల జల్లుగా మారి, సెకనులో నూరు కోట్లవ వంతులతో లెక్కించదగినంత స్వల్పకాలం నీలికాంతిని మెరిపిస్తాయి. వృషభ రాశిలోని కర్కట నీహారిక నుండి వచ్చిన మెరుపులను 1989లో అమెరికాలోని విపుల్ దూరదర్శిని ఈ విధంగానే పట్టింది. ఆ మెరుపును పట్టడానికి కారుచీకటి కావాలి. లడఖ్‌లోని హాన్లేలో 2024 అక్టోబర్ 4న ప్రారంభమైన ఇరవై ఒక్క మీటర్ల మేస్ దూరదర్శినిని నిర్మించినది హైదరాబాదులోని ఈసీఐఎల్. మణుగూరు సమీపాన అశ్వాపురం భారజల కర్మాగారం ఏ అణుశక్తి శాఖదో, ఈ దూరదర్శినీ ఆ శాఖదే. ఆ సంగతి ఆ చుట్టుపక్కల పిల్లల పాఠాలలో చేరకపోవడం విచారకరం. చిత్రమేమంటే, హాన్లేలో ఈటా కరీనా ఎన్నడూ ఉదయించదు. అంతటి యంత్రానికి అందని తారను చర్ల ఆశ్రమ పాఠశాల విద్యార్థి వట్టి కంటితో చూడగలడు.

అంతమాత్రాన భద్రాచలంలో మేస్ వంటి దూరదర్శినిని నెలకొల్పాలని కోరడం తగదు. తేమ, మబ్బులు, తక్కువ ఎత్తు అందుకు అనుకూలించవు. కోరదగినది చీకటిని కాపాడడం. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నగర కాంతికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో నలభై ఎనిమిది అంగుళాల దూరదర్శినిని స్థాపించింది. జంట తారల పరిశోధనకు పేరుగన్న ఆ చోటు వైపే నగరం విస్తరించింది. గూడేలకు దీపాలు వద్దా అని ఎవరైనా అడగవచ్చు. తప్పక కావాలి, పాముల భయమున్న దారిలో దీపం సౌఖ్యం కాదు, ప్రాణావసరం. అయితే వెలుగు పడవలసినది దారిమీద, మబ్బులమీద కాదు. దీపానికి పైకప్పు తొడగడం పెద్ద ఖర్చు కాదు. 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటితమైన హాన్లేలో గ్రామస్థులు దీపాలకు మరుగు కట్టారు. స్థానిక యువతీయువకులు సందర్శకులకు నక్షత్రాలు చూపి జీవనోపాధి పొందుతున్నారు. ఏజెన్సీ యువతకూ అది అసాధ్యం కాదు.

ఈటా కరీనా జంట మళ్ళీ సమీపించేది 2031 మార్చిలో. భద్రాచలం ఆకాశంలో ఆ తార రాత్రివేళ కనబడే నెల కూడా అదే.