తేదీ కూడా చెప్పండి, గవర్నర్ గారూ

రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ శ్రీ సంజయ్ మల్హోత్రా గారికి,

మీరు రెపో రేటు తగ్గించిన ప్రతిసారీ మా పత్రికల్లో అదే పతాక శీర్షిక. ఇంటి రుణం వాయిదా ఎంత తగ్గుతుందో పట్టికలు వేసి మరీ చెబుతారు. శీర్షికలకెక్కని సంగతి ఇంకొకటుంది. అప్పివ్వడానికి బ్యాంకుల చేతిలో డబ్బు ఆడుతోందా లేదా అన్నది. దాని గురించే ఈ లేఖ.

2025 జనవరి ఆఖరి వారాల్లో బ్యాంకింగ్ వ్యవస్థలో నగదు లోటు 3 లక్షల కోట్ల రూపాయలు దాటింది. అంతటి సొమ్ము మీ దగ్గర చేబదులు తెచ్చుకుంటే తప్ప బ్యాంకులకు రోజు గడవని స్థితి అది. అంతకు నెల ముందే, బ్యాంకులు డిపాజిట్లలో తప్పనిసరిగా మీ దగ్గర ఉంచాల్సిన వాటా అయిన సీఆర్‌ఆర్‌ను 4.5 నుంచి 4 శాతానికి దించి రిజర్వ్ బ్యాంక్ 1.16 లక్షల కోట్లు వదిలింది. అది ఏ మూలకూ చాలలేదు.

డబ్బు ఎటు పోయింది? డిసెంబరు 15కి కంపెనీలు ముందస్తు పన్ను కట్టాయి, 20కి జీఎస్టీ కట్టాయి. ఆ సొమ్ము బ్యాంకుల నుంచి కదిలి మీ దగ్గరున్న ప్రభుత్వ ఖాతాలో చేరుతుంది. సర్కారు ఖర్చు పెట్టేదాకా మళ్లీ ఏ బ్యాంకుకూ అందదు. మరోపక్క రూపాయి జారిపోకుండా మీరు డాలర్లు అమ్మారు. ఒక్కో డాలరుకు బ్యాంకులు కట్టిన 86 రూపాయల దాకా మీ దగ్గరికి వచ్చి చలామణీలో లేకుండా పోయాయి. రూపాయిని కాపాడటం మీ బాధ్యతే. కానీ అలా లాగిన రూపాయలను వెంటనే తిరిగి నింపడమూ మీ బాధ్యతే.

నగదు బిగిసిన ఆ జనవరి, ఫిబ్రవరి అంటే గుంటూరు మిర్చి యార్డుకు కొత్త మిర్చి వచ్చే రోజులు. టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా పడ్డాక రైతుకు డబ్బివ్వాల్సింది కమీషన్ ఏజెంటు. అతనికి కొన్న వ్యాపారి ఇవ్వాలి. వ్యాపారి తన సీసీ లిమిట్ (బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ పరిమితి) కేసి చూస్తాడు. బ్యాంకులే డిపాజిట్ల కోసం ఒకదానితో ఒకటి పోటీపడే వేళ లిమిట్ పెంచమంటే, ‘మార్చి దాటాక చూద్దాం’ అన్న జవాబే వస్తుంది. ఆ జవాబు కిందికి దిగి దిగి చివరికి రైతు దగ్గర ఆగుతుంది. పైగా ఆ సీజన్‌లో ధర కూడా కూలింది. కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చింది. ధర పడటానికి కారణం మీరని నేననను. పడ్డ ధరకు అమ్ముకున్న డబ్బయినా సకాలంలో చేతికి రావాలి కదా.

జనవరి 27న మీరు కదిలారు. 60,000 కోట్లకు బాండ్ల కొనుగోళ్లు, 56 రోజుల గడువుతో 50,000 కోట్ల రెపో, 500 కోట్ల డాలర్ల స్వాప్ (డాలర్లు తాత్కాలికంగా తీసుకుని రూపాయలివ్వడం) ప్రకటించారు. మార్చి ఆఖరుకు లోటు పూడింది. చేసినవన్నీ సరైనవే, ఆలస్యంగా చేశారు. ఫిబ్రవరి 7న రెపో 6.25 శాతానికి దిగినా, దాంతో ముడిపడిన రుణాలకే ఆ ఊరట దక్కింది. ఎంసీఎల్‌ఆర్‌ (నిధుల ఖరీదును బట్టి బ్యాంకు లెక్కగట్టే రేటు) మీద నడిచే అప్పులకు డిపాజిట్ల ఖరీదు తగ్గితేనే వడ్డీ తగ్గుతుంది. నగదు బిగిసి ఉంటే ఆ ఖరీదు ఎలా తగ్గుతుంది?

అదే 2025 జూన్‌లో మీరు చేసిన పని చూడండి. సీఆర్‌ఆర్‌ను 3 శాతానికి తెస్తామని, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నాలుగు విడతల్లో దాదాపు 2.5 లక్షల కోట్లు వదులుతామని తేదీలతో సహా మూడు నెలల ముందే చెప్పారు. కాలువకు నీళ్లు ఎప్పుడొస్తాయో తెలిస్తేనే రైతు నారు పోస్తాడు. బ్యాంకులకు మీరిచ్చింది ఆ భరోసానే. మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

డబ్బు వరదలా వదలమని నేనడగడం లేదు. ఎక్కువైతే ధరలు పెరిగి దెబ్బతినేదీ ఈ రైతులు, చిన్న వ్యాపారులే. నేనడిగేది ముందుచూపు. పన్ను గడువులు క్యాలెండరులోనే ఉన్నాయి: జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీ. ప్రతి త్రైమాసికం మొదట్లోనే ఎంత బయటికి పోతుందని మీ అంచనా, ఎంత నింపబోతున్నారు, ఏ తేదీల్లో నింపుతారు అన్నవి ప్రకటించండి. డాలర్లు పెద్ద ఎత్తున అమ్మిన నెలల్లో రూపాయలు తిరిగి వదలడానికి లోటు లక్షల కోట్లకు చేరేదాకా ఆగకండి. ఆ ప్రకటన తెలుగులోనూ ఇవ్వండి. ముంబయి ట్రెజరీలతో పాటు యార్డులో వ్యాపారికీ దాంతో పని ఉంది.

వచ్చే ముందస్తు పన్ను గడువు రాకముందే ఆ మొదటి ప్రకటన వెలువరించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఖాతాదారు